మీ బుద్ధుడికి ఆదివారం లేదా నాయనా?





సిద్ధార్థుడు ఇల్లు ఎందుకు విడిచాడని అడిగితే చాలామంది టక్కున చెప్పే కథ ఒకటుంది. ముసలివాణ్ణి చూశాడు, రోగిని చూశాడు, శవాన్ని చూశాడు, వైరాగ్యం పుట్టింది అని. బాబాసాహెబ్ ఈ కథను ఒప్పుకోలేదు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథం మొదట్లోనే దీన్ని ప్రశ్నించారు. 29 ఏళ్ళు వచ్చిన మనిషి అప్పటిదాకా ఒక్క ముసలివాణ్ణి కూడా చూడలేదంటే బుద్ధికి నిలుస్తుందా? శాక్యులకీ కోలియులకీ మధ్య రోహిణీ నది నీళ్ళ తగాదా వచ్చింది, యుద్ధం వద్దన్నందుకు సిద్ధార్థుడు ఇల్లు విడవాల్సి వచ్చింది, అసలు కారణం అదీ అని రాశారు.

న్యాయమైన ప్రశ్న. ముసలితనం ఎదురుపడకుండా ఎవరికీ 29 ఏళ్ళు గడవవు. మనకైతే రోజూ ఎదురుపడుతుంది. పేట మొదట్లో నులక మంచం మీద కూర్చుని, దారిన పోయే ప్రతి బండి వైపూ తల తిప్పే తాత మనందరికీ తెలుసు. మనం బండి ఆపం. పనుంది కదా మరి. ఆయనెవరని ఎవరైనా అడిగితే ఫలానావాళ్ళ నాన్న అని చెప్తాం, పేరు చెప్పలేం. ఈసారి పుస్తకంలో ఆ తాత గురించి, ఆయనలాగే ఒంటరిగా ఉండిపోయిన మన అమ్మల గురించి మాట్లాడుకుందాం.

పోయిన ఏడాది వానాకాలంలో గుంటూరు జిల్లాలో ఒక ఊరి పేటకి ధమ్మ తరగతి చెప్పడానికి వెళ్ళాను. తరగతి అంబేడ్కర్ భవనం మేడ మీద. కింద మెట్టు మీద ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. తెల్లచీర, చేతికర్ర.

"పైకి రావా పెద్దమ్మా?" అన్నాను.

"మోకాళ్ళు రావు నాయనా. మీరు మైకులో చెప్తారుగా, ఇక్కడే ఇంటాలే."

కాస్త ఆగి ఆమే మొదలుపెట్టింది. "ఇదివరకు ఆదివారం ఆదివారం చర్చికి పోయేదాన్ని. పోతే నలుగురు పలకరించేవోళ్ళు. రెండు వారాలు కనపడకపోతే పాస్టరమ్మ ఇంటికొచ్చేది, ఏమ్మా ఒంట్లో బాగోలేదా అని. మావాడు బౌద్ధం తీసుకున్నాడు, వాడితోపాటు నేనూ తీసుకున్నా. అంబేడ్కర్ బాబు చెప్పిన మాట, మంచిదే. తప్పనట్లా. కానీ ఏప్రిల్లో ఓ మీటింగు, బుద్ధ పౌర్ణమికి ఓ మీటింగు, దసరాల్లో ఓ మీటింగు. అయిపోయింది. మిగతా దినాలు ఎవరొస్తారు? మీ బుద్ధుడికి ఆదివారం లేదా నాయనా?"

"ఉంది పెద్దమ్మా, చెప్తాను" అని మెట్లెక్కి పైకి వెళ్ళి గంటన్నరసేపు ప్రతీత్యసముత్పాదం గురించి మాట్లాడాను. ఆమె కింద మెట్టు మీదే ఉండిపోయింది.

ఆమె అడిగినదాన్ని మతం మార్చుకోవాలనే బలహీనతగా తీసుకోకండి. అలా తీసుకుంటే మనం తప్పించుకున్నట్టే. మనం ఏం చేశామో లెక్క చూసుకుందాం. తెలంగాణ వైపైతే పోచమ్మ, మైసమ్మ, బోనాలు, జాతర. కోస్తా వైపైతే చర్చి, సువార్త కూటాలు, క్రిస్మస్ రాత్రి ఇంటింటికీ పాటలు. వీటిని విడిచిపెట్టడానికి మనకి కారణాలున్నాయి, 22 ప్రతిజ్ఞలు ఊరికే తీసుకోలేదు. ఊరి జాతరలో డప్పు మనది, గుళ్ళో చోటు మనది కాదు. అది మరిచిపోయేది కాదు. కానీ ఆ జాతరలో, ఆ ఆరాధనలో దేవుడొక్కడే లేడు. పక్కన కూర్చునే ఈడువాళ్ళున్నారు. కూతురు కాపురం సంగతి, కోడలి సంగతి, మోకాళ్ళ నొప్పికి ఎవరిచ్చిన బిళ్ళ పనిచేసిందన్న సంగతి అక్కడే మాట్లాడుకున్నారు. కొడుకు దీక్ష తీసుకుని గోడమీద పటాలు మార్చాడు. వాడికి సంఘం ఉంది, వాట్సాప్ గ్రూపుంది, మీటింగులున్నాయి, వాదించుకోడానికి మిత్రులున్నారు. డెబ్భై ఏళ్ళ తల్లికి మాత్రం పాత తలుపు మూసేశాం, కొత్త తలుపు తీయలేదు. తీసిన తలుపు కూడా మేడమీద పెట్టాం.

బాబాసాహెబ్ ధమ్మాన్ని ఎక్కడ మొదలుపెట్టారో గుర్తుచేసుకోండి. మనిషి ఒక్కడే ఉంటే వాడికి ధమ్మంతో పనిలేదు, ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు సంబంధంలో ఉంటే ఇష్టమున్నా లేకపోయినా ధమ్మానికి చోటివ్వాలి అన్నారు. మతం మనిషికీ దేవుడికీ మధ్య వ్యవహారం, ధమ్మం మనిషికీ మనిషికీ మధ్య వ్యవహారం. అలాంటప్పుడు ఒక మనిషిని పలకరించే దిక్కు లేకుండా వదిలేస్తే, గోడమీద బుద్ధుడి పటం ఎంత పెద్దదైనా ఆ ఇంట్లో ధమ్మం ఉన్నట్టా?

వినయ పిటకంలో, మహావగ్గలో ఒక సంఘటన ఉంది. మీరు వినే ఉంటారు. మళ్ళీ నిదానంగా చదవండి.

బుద్ధుడు ఆనందుణ్ణి వెంటబెట్టుకుని భిక్షువుల నివాసాలు చూసుకుంటూ వెళ్తున్నాడు. ఒక గదిలో ఒక భిక్షువు అతిసారంతో తన మలమూత్రాల్లో తానే పడి ఉన్నాడు. బుద్ధుడు దగ్గరికి వెళ్ళి నీకేమైందని అడిగాడు. కడుపు జబ్బన్నాడు. నీకు సేవచేసేవాళ్ళు లేరా? లేరన్నాడు. తోటి భిక్షువులు ఎందుకు చూడరు? దానికి ఆ రోగి చెప్పిన జవాబు చూడండి: నేను వాళ్ళకి ఏ పనికీ వచ్చేవాణ్ణి కాదు, అందుకని నన్ను చూడరు.

ఆ భిక్షువు ఎవరిమీదా ఫిర్యాదు చెయ్యలేదు. అది సహజమే అన్నట్టు చెప్పాడు. బుద్ధుడు అక్కడ ఉపదేశం కూడా మొదలుపెట్టలేదు. ఆనందా, నీళ్ళు తీసుకురా అన్నాడు. బుద్ధుడు నీళ్ళు పోశాడు, ఆనందుడు ఒళ్ళు కడిగాడు. బుద్ధుడు తలవైపు పట్టుకున్నాడు, ఆనందుడు కాళ్ళవైపు పట్టుకున్నాడు, ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాతే సంఘాన్ని పిలిచి అడిగాడు. వాళ్ళూ అదే జవాబు చెప్పారు: అతను మాకు పనికొచ్చేవాడు కాదు, అందుకే చూడలేదు. అప్పుడు బుద్ధుడు, మీకిక్కడ తల్లీ తండ్రీ లేరు, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని మందలించాడు. నాకు సేవ చెయ్యాలనుకునేవాడు రోగికి సేవ చెయ్యాలి అన్నాడు. నియమం కూడా పెట్టాడు. ఉపాధ్యాయుడుంటే ఆయన చూడాలి, ఆచార్యుడుంటే ఆయన, శిష్యుడుంటే శిష్యుడు. ఎవరూ లేకపోతే సంఘం చూడాలి. చూడకపోతే సంఘానికి దోషం.

ఎవరూ లేకపోతే సంఘం చూడాలి. ఈ వాక్యం మనకి రాసిందే. కొడుకులు బెంగళూరు బిల్డింగ్ పనికి పోయారు, కూతుళ్ళు అత్తారింట్లో ఉన్నారు, ముసలామె ఒక్కతే ఉంది అంటే అది వాళ్ళ ఇంటి సంగతని మనం అనుకుంటున్నాం. బుద్ధుడి లెక్కలో అప్పుడే అది సంఘం సంగతి అవుతుంది.

ఆ రోగి అన్న మాట, నేను పనికిరాను అన్న మాట, మన పేటల్లో ఎన్నిసార్లు వింటున్నాం! "నాదేముందిరా, కాటికి కాళ్ళు చాపుకున్నదాన్ని." జీవితమంతా నాట్లకీ కోతలకీ వంగిన నడుములవి. కూలి తెచ్చినన్నాళ్ళే ఇంట్లో విలువ ఉండడం చూశారు కాబట్టి, కూలి ఆగాక తమకి విలువ లేదని వాళ్ళే తీర్మానించుకున్నారు. ఉపాధి హామీ పనికి ఈ వయసులో ఎందుకొస్తావమ్మా అని ఒకామెని అడిగితే, డబ్బులు ఎంతొస్తాయో నాకెరిక లేదు, మాట్లాడుకోడానికి నలుగురుంటారు అంది. గుంపులో కూర్చుని మాట్లాడడం కోసం ఎండలో గునపం పట్టుకుంటోంది ఆమె. ఆంధ్రలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 అయింది, ఒకటో తారీకున ఇంటికే తెచ్చిస్తున్నారు. మంచిదే. కొందరి గుమ్మంలోకి నెలకి ఆ ఒక్క మనిషే వస్తున్నాడు, వేలిముద్ర తీసుకుని పోతున్నాడు. పిల్లలు ఫోన్ చేస్తారు. తిన్నావా, బిళ్ళ వేసుకున్నావా. ఈ రెండే ప్రశ్నలు. మూడో ప్రశ్న ఉండదు.

ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఒంటరితనం, కొడుకు దగ్గర పట్నంలో ఉన్నవాళ్ళకి హాయి అనుకోకండి. హైదరాబాదులో ఒక ఫ్లాటులో ఉండే పెద్దాయన నాకు తెలుసు. 1985లో కారంచేడు ఘోరం జరిగాక చీరాల శిబిరంలో పనిచేసిన మనిషి. ఇప్పుడు నాలుగో అంతస్తులో ఉంటాడు. కొడుక్కి మంచి ఉద్యోగం, తిండికీ మందులకీ లోటు లేదు. కానీ కింద పార్కులో ఎవరైనా ఏ ఊరు, మీరెవరు అని అడిగితే ఏం చెప్పాలో కొడుకు ముందే నేర్పాడు. ఇంటిపేరు చెప్పొద్దు నాన్నా, లిఫ్టులో జై భీమ్ అనొద్దు నాన్నా. బాబాసాహెబ్ పటం హాల్లోంచి పడకగదిలోకి మారింది. కొడుకుని తిట్టడం తేలిక, నేను తిట్టను. కులం తెలిస్తే ఆ అపార్ట్‌మెంట్‌లో పిల్లలకి ఏం జరుగుతుందో అతనికి తెలుసు. కానీ ఒక మనిషి నోరు మూసుకుని పార్కులో కూర్చుంటే అతనికి స్నేహితుడు దొరుకుతాడా? ఊళ్ళో ఆయన్ని ఊరవతల పెట్టింది ఊరు. పట్నంలో తన ఒంట్లో తనే ఊరవతల ఉంటున్నాడు. చీరాల రోజుల గురించి చెప్పాలని ఆయనకుంది. మనవడికి తెలుగు చదవడం రాదు, వినే తీరిక లేదు. హైదరాబాదులో ఉన్న మన ఉపాసకులకి ఒక్క మాట. మీ బస్తీకి రెండు కిలోమీటర్ల లోపల ఇలాంటి పెద్దాయన ఒకరు తప్పక ఉంటారు. వెళ్ళి, కారంచేడు గురించి చెప్పండి అని అడగండి. మనకి కాగితం మీద లేని చరిత్ర ఆయన దగ్గరుంది.

పెద్దవాళ్ళకి ముందు చోటివ్వాలని మనం అంటే, అది పాత పద్ధతి, పెత్తందారీ పద్ధతి అనే యువకులు కొందరున్నారు. వాళ్ళకి తిత్తిర కథ చెప్పాలి. ఒకసారి కొందరు భిక్షువులు ముందుగా వెళ్ళి పడకలన్నీ ఆక్రమించుకున్నారు. వెనకొచ్చిన సారిపుత్తుడికి చోటు దొరక్క రాత్రంతా చెట్టు కింద కూర్చున్నాడు. తెల్లవారాక బుద్ధుడు సంఘాన్ని కూర్చోబెట్టి, మొదటి ఆసనం, మొదటి నీళ్ళు, మొదటి అన్నం ఎవరికి దక్కాలని అడిగాడు. కొందరు క్షత్రియ కులం నుంచి వచ్చినవాడికి అన్నారు. కొందరు బ్రాహ్మణ కులం నుంచి వచ్చినవాడికి అన్నారు. చూశారా, సంఘంలో చేరినా కులమే ముందు నోటికొచ్చింది. బుద్ధుడు అవేవీ కాదని, ఒక తిత్తిర పిట్ట, ఒక కోతి, ఒక ఏనుగు కథ చెప్పాడు. ముగ్గురూ ఒక మర్రిచెట్టు దగ్గర ఉంటున్నారు. ఎవరు పెద్దో తెలిస్తే వాళ్ళ మాట వినొచ్చనుకున్నారు. నేను గున్నగా ఉన్నప్పుడు ఈ చెట్టు చిగురు నా పొట్టకి తగిలేదంది ఏనుగు. నేను నేలమీద కూర్చుని దీని చిగురు తిన్నానంది కోతి. ఎక్కడో పండు తిని ఇక్కడ విత్తనం వేసింది నేనే అంది పిట్ట. ఏనుగూ కోతీ ఆ పిట్టకి నమస్కరించాయి. మన పేటలో మొదటి బడి పంతుల్ని పిలిపించినవాళ్ళూ, చెరువు నీళ్ళకోసం తన్నులు తిన్నవాళ్ళూ, పిల్లాడి ఫీజుకి మేక అమ్మినవాళ్ళూ ఆ పిట్టలాంటివాళ్ళే. ఇవాళ ఉద్యోగం, కారు, ఇల్లు అన్న మర్రిచెట్టు కింద కూర్చున్న ఏనుగులం మనం. బాబాసాహెబ్‌ని కూడా, తల్లి భీమాబాయి పోయాక, పసివాడిగా సాకింది మేనత్త మీరాబాయే కదా.

అమరావతి స్తూపం దగ్గర దొరికిన శాసనాల్లో విధికుడనే చమ్మకారుడి దానశాసనం ఒకటుంది. తోలుపని చేసేవాడు పూర్ణఘటం చెక్కిన పలకని స్తూపానికి ఇచ్చాడు. ఎవరెవరితో కలిసి ఇచ్చాడో పలకమీద రాయించాడు. మొదట తల్లి. తర్వాత భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళు, బంధువులు, మిత్రులు. దీక్ష తీసుకున్నాం, బుద్ధుడు మావాడు అంటాం కదా. ఆ వరసలో మన తల్లి ఎన్నోది?

ఒకటి ఒప్పుకోవాలి. పెద్దవాళ్ళతో ఉండడం అన్నివేళలా తేలిక కాదు. అదే మాట పదిసార్లు చెప్తారు. కోడలు పెట్టిన కూర బాగోలేదని పక్కింట్లో చెప్తారు. బుద్ధుడికి ఇది తెలియదనుకోకండి. ఆ మహావగ్గలోనే, ఎలాంటి రోగికి సేవ చెయ్యడం కష్టమో కూడా చెప్పాడు. మందు వేసుకోనివాడు, మేలు చేసే పని చెయ్యనివాడు, జబ్బు ఉన్నదున్నట్టు చెప్పనివాడు, నొప్పి ఓర్చుకోలేనివాడు. అది చెప్పి, సేవచేసేవాడికి ఉండాల్సిన గుణాలూ చెప్పాడు. మందు తయారుచేయడం రావాలి, ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి, లాభం ఆశించకుండా దయతో చెయ్యాలి, మలమూత్రాలు ఎత్తడానికి అసహ్యపడకూడదు, మంచిమాటలతో మనసుకి ఉల్లాసం ఇవ్వగలగాలి. చివరిది గమనించండి. మందూ శుభ్రతా అయిపోయాక మాట కూడా సేవలో భాగమే.

ఇక్కడ మగవాళ్ళకి ఇంకో సంగతి. సేవ అనగానే మన కళ్ళు కోడలి వైపు తిరుగుతాయి. ఆ రోగికి నీళ్ళు పోసినవాడూ, ఒళ్ళు కడిగినవాడూ ఇద్దరూ మగవాళ్ళు. శ్రావస్తిలో పూర్వారామంలో ఒక సాయంత్రం బుద్ధుడు పడమటి ఎండకి వీపు కాచుకుంటూ కూర్చుంటే ఆనందుడు కాళ్ళూ చేతులూ పిసికాడు. పిసుకుతూ, భంతే, ఒంటికి ఆ వన్నె పోయింది, చర్మం ముడతలు పడింది, నడుము ముందుకి వంగింది అన్నాడు. బుద్ధుడు అవునన్నాడు. ఇంట్లో మీ నాన్న కాళ్ళు మీ చేత్తో పట్టుకుని ఎన్నాళ్ళయింది?

మరో సంగతి కూడా మనకే ప్రత్యేకం. శ్రాద్ధం పెట్టం, పిండం పెట్టం అని ప్రతిజ్ఞ చేశాం. అంటే బతికుండగా చూడకపోయినా, పోయాక కాకికి ముద్దపెట్టి సరిపెట్టుకునే వీలు ఇతరులకుంది, మనకి లేదు. పెట్టాల్సిందేదో బతికుండగానే పెట్టాలి. చెప్పాల్సిన నాలుగు మాటలు బతికుండగానే చెప్పాలి. పరిత్రాణ పాఠానికి వందమందిని పిలిచి, ఫ్లెక్సీ వేయించి, ఆ తల్లి బతికున్నప్పుడు వారానికొకరైనా గుమ్మం తొక్కకపోతే ఆ ప్రతిజ్ఞకి అర్థమేముంది?

తిండి పెట్టకుండా గెంటేసిన కొడుకుల మీదైతే చట్టం ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు, నెలకి 10,000 వరకు భృతి ఇప్పించవచ్చు. 14567కి ఫోన్ చేస్తే వయోవృద్ధులకి సాయం చేస్తారు. ఈ రెండూ మీ విహారం గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి. అయితే ఏ ట్రిబ్యునలూ కొడుకుని పక్కన కూర్చుని మాట్లాడమని ఆర్డరు వెయ్యలేదు.

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకి వద్దాం. బుద్ధుడికి ఆదివారం ఉంది. నెలకి నాలుగున్నాయి. పౌర్ణమి, అమావాస్య, రెండు అష్టములు. ఉపోసథం అంటాం. అది ఎలా వచ్చిందో కూడా ఆమెకి చెప్పాల్సింది. మగధ రాజు బింబిసారుడు ఒకసారి బుద్ధుడి దగ్గరికి వచ్చి, ఇతర మతాల పరివ్రాజకులు ఈ తిథుల్లో కూడుతున్నారు, జనం వెళ్ళి వింటున్నారు, వాళ్ళమీద ప్రేమ పెంచుకుంటున్నారు, మనవాళ్ళు కూడా కూడితే బాగుంటుంది కదా అన్నాడు. ఇతర మతాలవాళ్ళ పద్ధతి మనకెందుకని బుద్ధుడు అనలేదు. సరేనన్నాడు. మొదట్లో భిక్షువులు కూడి మౌనంగా కూర్చునేవాళ్ళు. జనం వచ్చి చూసి, వీళ్ళేంటి మూగ పందుల్లా కూర్చున్నారని విసుక్కున్నారు. అప్పుడు బుద్ధుడు, కూడినప్పుడు ధమ్మం మాట్లాడండి అన్నాడు. వజ్జీలు చెడకుండా ఉండడానికి ఏడు కారణాలు చెప్పినప్పుడు కూడా మొట్టమొదటిది తరచుగా కూడడం. పెద్దల్ని గౌరవించి వాళ్ళ మాట వినడమూ ఆ ఏడింటిలో ఉంది.

కాబట్టి కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. చర్చికి ఉన్న ఆ ఒక్క మంచి అలవాటు, రెండు వారాలు కనపడకపోతే ఇంటికొచ్చి అడిగే అలవాటు, మనం నేర్చుకుంటే తప్పేం లేదు. బింబిసారుడి మాట విన్న బుద్ధుడే దానికి సాక్ష్యం.

ఆ ఊరి కుర్రాళ్ళతో ఆ రాత్రే మాట్లాడాను. మొదట మొహమాటపడ్డారు, పని వాళ్ళకీ ఉంది మరి. తర్వాతి పౌర్ణమికి వందన మేడమీద పెట్టలేదు, పెద్దమ్మ ఇంటి అరుగు మీద పెట్టారు. నేనూ వెళ్ళాను. తాటాకు చాప, ఒక కొవ్వొత్తి, బుద్ధుడి చిన్న విగ్రహం, పక్కింటివాళ్ళు ఇచ్చిన మూడు కుర్చీలు. పదకొండు మంది వచ్చారు, అందులో ఐదుగురు అరవై దాటినవాళ్ళు. పంచశీల ఆమె చేతే చెప్పిద్దామన్నారు. పాళీ రాదు నాయనా అంది. తెలుగులో చెప్పు పెద్దమ్మా అన్నాం. ప్రాణం తియ్యను, ఇయ్యనిది తీసుకోను దాకా గట్టిగా చెప్పింది. మూడోది చెప్పేటప్పుడు నవ్వేసింది, "ఈ వయసులో నాకెందుకయ్యా అది" అని. అందరం నవ్వాం. మిగతావి ఇద్దరు ముసలాళ్ళు అందుకున్నారు.

టీ తాగి లేచేటప్పుడు ఆమె ఒక కుర్రాణ్ణి చెయ్యిపట్టుకుని ఆపింది. పేట చివర, బావి పక్కన, పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలుగా మంచం మీదున్న ఒకాయన పేరు చెప్పింది. "ఆయన మాల పేరంటానికీ రాలేడు, మాదిగ పెళ్ళికీ రాలేడు. వచ్చే పున్నమికి నా దగ్గరొద్దు, వాళ్ళింటి ముందు పెట్టండి. నేను కర్ర పట్టుకుని వస్తాలే."

జై భీమ్.